నీటిలోని కర్ర

కోనేటి మెట్టుపై నిలిచి చేతికర్రను ఏటవాలుగా నీటిలోనికి దింపిన, అది నీటిమట్టము కడ వంగినట్లు తోచును. పైకి తీసిన తిన్ననిదే. మరి కన్ను అబద్ధమాడినదా? లేదు. వెలుగు శూన్యములో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. నీటిలో ఆ వేగము సుమారు 2,25,000 కిలోమీటర్లకు తగ్గును. అందువలన నీటినుండి గాలిలోనికి ఏటవాలుగా వెలువడు కిరణము త్రోవ మార్చుకొనును. దీనినే వక్రీభవన మందురు. కన్ను తనకు చేరిన కిరణమునే చూపినది. అది తిన్నగా వచ్చినదని తలచినది బుద్ధి.

వేదాంతులు భ్రమ రెండు విధములందురు. త్రాటిని పామనుకొనుట నిరుపాధికము. దీపము తెచ్చి చూచిన తొలగును. కర్ర వంగి కనుపించుట సోపాధికము. నిజమెరిగినను, నీరనెడి ఉపాధి ఉన్నంతవరకు అట్లే కనుపించును. అయినను ఎరిగినవాడు మోసపోడు. ఈటెతో చేపను కొట్టువాడు అది కనుపించుచోటికి కాక, కొంత దిగువకు గురిపెట్టును.

ఒకని నడతను గూర్చి "కన్నులార చూచితిని" అని తీర్పు చెప్పునపుడు మనకీ జాగ్రత్త వలదా? నడుమ మన రాగద్వేషములనెడి నీరున్నది. దానిని పూర్తిగా తోడివేయుట ఎల్లరకు సాధ్యము కాకపోవచ్చును. అది ఉన్నదని ఎరిగి, తీర్పును ఆ మేరకు సవరించుకొనుట సాధ్యమే. వంగి కనుపించినంతమాత్రమున కర్రను విరిగినదని పారవేయము. తోడిమనిషియెడ అంతపాటి న్యాయమైనను చూపుట ధర్మము.