పేరు మారిస్తే చాలునా?

మొన్న తెనాలిలో రేపల్లె బండి ఎక్కి కూర్చున్నానో లేదో, ఎదుటి సీట్లో అమ్మాయి నన్ను గుర్తుపట్టేసింది. బాపట్ల నుంచి వచ్చి తెనాలిలో బండి మారిందిట. రేపల్లెలో అమ్మమ్మగారింటికి వెళుతోంది. బండి కదలగానే సంచీలోంచి నోటుపుస్తకం తీసి, "కథ రాశానండీ, కాస్త చూసి పెట్టరూ?" అంది.

చదివాను. ఎదురింటావిడ కథ. మొగుడు వదిలేసి పోతే, "ఆయన క్యాంపు కెళ్ళారు" అని ఏళ్ళ తరబడి అందరికీ చెప్పుకుంటూ బతుకుతున్న మనిషి. పిల్ల బాగా రాసింది. బాగా రాసింది కనకనే నాకు భయం వేసింది.

"ఆవిడకి తెలుసా?"

"పేరు మార్చేశానండీ. ఊరు కూడా బాపట్ల తీసేసి చీరాల పెట్టాను!"

నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ అంత తెలివైనదాన్నే మరి. బి.ఏ. చదివే రోజుల్లో, కందిపప్పు డబ్బా అడుగున మొగుడికి తెలియకుండా డబ్బు దాచే ఇల్లాలి మీద హాస్యకథ రాశాను. ఆవిడ రేపల్లెలో మా పిన్నే. కథ అచ్చయింది. అందరూ నవ్వారు. చివరికి బాబాయి కూడా చదివాడు. పిన్ని నన్ను కోప్పడలేదు. అన్నం వడ్డిస్తూ, "దాచానని రాశావు సరే, ఎందుకు దాచానో అడగలేదేమే? అడిగితే చెప్పేదాన్నిగా" అంది. ఆ తరవాత ఎన్నిసార్లడిగినా "ఇప్పుడెందుకులే" అనేది. ఆ సంగతి చెప్పకుండానే పోయింది. నేను రాసింది డబ్బా గురించే గానీ పిన్ని గురించి కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అలాగని ప్రతివాళ్ళనీ అడిగే రాయాలంటే కుదురుతుందా? ఈ తెనాలిలోనే శారద అనే రచయిత ఉండేవాడు. పేరు చూసి ఆడమనిషి అనుకునేరు, అసలు పేరు నటరాజన్. తమిళ కుర్రాడు. 1937లో తెనాలి వచ్చి, హోటళ్ళలో చాకిరీ చేస్తూ తెలుగు నేర్చుకుని 'ఏది సత్యం', 'మంచీ చెడూ', 'అపస్వరాలు' నవలలు రాశాడు. 1955లో పోయేనాటికి ముప్ఫై దాటీ దాటని వయసు. హోటలుకి వచ్చిపోయే ప్రతి మనిషి దగ్గరా అనుమతి పుచ్చుకోవడం ఎవరి తరం? అయితే పేదరికం గురించి రాసినప్పుడు, ఆ పేదరికం ఆయనది కూడా. తను తిన్న దెబ్బ గురించి రాయడానికీ, కిటికీలోంచి తొంగిచూసి రాయడానికీ తేడా లేదూ?

కొత్తగా రాసేవాళ్ళకి నేను చెప్పగలిగిందల్లా ఇదే. ఇంకొకరి దుఃఖం రాసేముందు అందులో మీ వంతు ఎంతో చూసుకోండి. ఆవిడ అబద్ధమాడుతోందని వీధంతా గుసగుసలాడుతుంటే మనమూ గుమ్మంలో నిలబడి విన్నాం కదా? ఆ విన్న మనిషిని కూడా కథలో పెట్టండి. అడగగలిగే దూరంలో ఉన్నవాళ్ళని మాత్రం అడగండి.

ఆ అమ్మాయితో ఇదంతా చెప్పాను. "అడిగితే రాయొద్దంటుందేమోనండీ" అంది.

"అంటే రాయకు."

అనేశానే గానీ, ఆ వయసులో నాకెవరైనా ఆ మాట చెబితే వినేదాన్నా?

రేపల్లె వచ్చింది. నోటుపుస్తకం సంచీలో పెట్టుకుంటూ, "ఆవిడ గోంగూర పచ్చడి భలే చేస్తుందండీ. ఊరెళ్ళగానే వెళ్ళి అడుగుతాను... ముందు పచ్చడి సంగతే" అని గబగబా దిగిపోయింది.