మాన్పించిన సలహాదారునికి ఏమి బాకీ?

ఈసారి మేము ఒక ఒప్పందపు తగాదాను గూర్చి వ్రాస్తున్నాము. కోవిల్‌పట్టిలోని ఒక చిన్న కంపెనీకి, విరుదునగర్‌లో ఉంటూ ఆ కంపెనీకి పదకొండేళ్లు ఆర్థిక సలహాలు చెప్పిన ఒక పెద్దమనిషికి నడుమ వచ్చిన తగాదా అది. ఇరుపక్షాలూ మన తెలుగువారే. కోర్టు మెట్లు ఎక్కక ముందు మా దగ్గరకు వచ్చారు గనుక సంగతి మాకు తెలిసింది. పేర్లు వ్రాయము. తెలిసినవారు తెలియనట్టే ఉండాలనీ, తెలియనివారు ఆరా తీయవద్దనీ మనవి. తగాదా 2019లోనే తీరింది. అది లేపిన ప్రశ్న మాత్రం మాలో తీరలేదు. ఒప్పందము ముగిసిన తరువాత ఆ ఇద్దరి మధ్య ఇంకా ఏమి మిగిలి ఉంటుంది?

దూరాన ఉన్న పాఠకుల కొరకు కొంచెము చెప్పాలి. విరుదునగర్ సరుకుల ఊరు. పప్పులు, మిరపకాయలు, నూనెలు అక్కడి మండీలలో చేతులు మారుతాయి. అక్కడినుండి రైలులో దక్షిణానికి సాత్తూరు దాటితే కోవిల్‌పట్టి వస్తుంది. అది అగ్గిపెట్టెల ఊరు. నల్లరేగడి నేల, చాలని వాన. పంట పండని ఏడు ఇల్లు గడిచేది ఈ తీప్పెట్టి ఆఫీసుల కూలితోనే. నాయకరాజుల కాలములో వచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ ప్రాంతమందంతటా ఉన్నారు, పని వెదుక్కుంటూ తరువాత వచ్చిన మనవంటివారూ ఉన్నారు. ఇక్కడ లెక్కలు చూసే ప్రతివానినీ, చదివిన చదువుతో నిమిత్తము లేకుండా, ‘ఆడిటర్’ అనే పిలుస్తారు. మన పెద్దమనిషి కూడా అట్టి ఆడిటరే. ఆయన చార్టర్డ్ అకౌంటెంటు కాడు. మండీలో గుమాస్తాగా మొదలై, చిట్టా ఆవర్జాలు వ్రాసి వ్రాసి, పన్నుల సంగతి, బ్యాంకుల సంగతి నేర్చుకున్నవాడు.

కంపెనీని నడిపేది ఇద్దరు అన్నదమ్ములు. ఆడిటర్ గారితో వారికి ఒక పేజీ ఒప్పందము ఉన్నది. నెలకు 5,000 రూపాయలు. బ్యాంకు అప్పు సమకూర్చిపెడితే మంజూరైన మొత్తము మీద నూటికి ఒక రూపాయి. ఒప్పందము ఎట్లా ముగుస్తుందో, ముగిసినప్పుడు సగములో ఉన్న పని సంగతి ఏమిటో అందులో లేదు. ఎవరైనా పెళ్లినాడు విడిపోవుటను గూర్చి వ్రాసుకుంటారా?

2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. కాగితము మీద కలముతో వ్రాసే మనిషికి కంప్యూటరులో నెలనెలా రిటర్నులు వేయుట కష్టమైంది. ఆలస్యపు రుసుములు పడ్డాయి. అదే కాలములో తమ్మునికి యంత్రము కొనాలని పట్టుదల కలిగింది. అరవై లక్షల అప్పు కావాలి. ఆడిటర్ గారు నాలుగు నెలలు కూర్చుని ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసి, బ్యాంకు మేనేజరును రెండుసార్లు కోవిల్‌పట్టికి తీసుకువచ్చి చూపించారు. అయితే ఒక హెచ్చరిక కూడా చేశారు. అప్పట్లో చేతితో చేసిన అగ్గిపెట్టెలకు పన్ను 5 శాతము, యంత్రము మీద చేసినవాటికి 18 శాతము. “అబ్బాయీ, యంత్రము వస్తే పన్ను కూడా వెంట వస్తుంది, లెక్క సరిచూసుకో” అన్నారట. తమ్మునికి అది అడ్డుపుల్లగా తోచింది. (ఈ రెండు రేట్లనూ కలిపి 12 శాతము చేసినది 2020 ఏప్రిల్‌లో.) 2018 ఆగస్టులో ఆయనను మాన్పించారు. డిసెంబరులో అదే బ్యాంకు, అదే రిపోర్టు మీద, అరవై లక్షలు మంజూరు చేసింది.

ఆయన అరవై వేలు అడిగారు. వారు ఇవ్వమన్నారు. ఆయన తన దగ్గరున్న కంపెనీ పుస్తకాలు ఇవ్వనన్నారు.

అరవై వేలు ఈ కాలములో ఏపాటి అని కొందరు అనవచ్చు. 2007 నుండి 2021 నవంబరు వరకు అగ్గిపెట్టె ఒక్క రూపాయికే అమ్మింది. ఆ రూపాయిలో పుల్లలకు, అట్టకు, మందుకు, కూలికి, కొట్టువానికి పోగా మిగిలేది పైసలే. అట్టి వ్యాపారములో అరవై వేలు చిన్న మాట కాదు. పని మానిన అరవై రెండేళ్ల మనిషికీ చిన్న మాట కాదు.

చట్టమేమంటుందని మాలో ఒక వకీలు సహోదరుని అడిగాము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ఇద్దరికీ చెరొక కర్ర అందిస్తుందని ఆయన నవ్వారు. 219వ సెక్షను ప్రకారము, వేరే ఒప్పందము లేని యెడల, పని పూర్తికానిదే ఏజెంటుకు ప్రతిఫలము బాకీ పడదు. ఇది అన్నదమ్ముల కర్ర. ఉచితముగా చేయాలని ఉద్దేశము లేకుండా ఒకడు న్యాయముగా చేసిన పని యొక్క లాభమును మరొకడు అనుభవించిన యెడల, దానికి తగిన పరిహారము ఇవ్వాలని 70వ సెక్షను. ఇది ఆడిటర్ గారి కర్ర. పెద్ద కంపెనీలు ఆర్థిక సలహాదారులతో ఒప్పందము వ్రాసుకునేటప్పుడు ఈ చిక్కును ముందే ఊహించి, సలహాదారుని మాన్పించిన తరువాత ఆరు నెలలలోనో ఏడాదిలోనో అతడు చూపినవారితోనే వ్యవహారము కుదిరితే రుసుము చెల్లుతుందని ఒక షరతు పెట్టుకుంటారట. మనవారి ఒక పేజీలో అది లేదు.

మా మట్టుకు మాకు ఇందులో పెద్ద సందేహము కలగలేదు. రిపోర్టు ఆయనది, మేనేజరును తెచ్చింది ఆయన. ఇతరులు విత్తనము వేసిన పొలమును కోతకు ముందు కౌలు మార్చి, పంట మాదే అనుట న్యాయము కాదు. వేరొకరు వచ్చి చివరి సంతకాలు చేయించారు గనుక కొంత తగ్గించవచ్చునేమో గాని, లేదనుటకు వీలులేదు.

పుస్తకాల సంగతిలో మాత్రం మా మనస్సు ఆయనకు వ్యతిరేకముగా పోయింది. బాకీ తీరేవరకు యజమాని కాగితాలను ఏజెంటు తన దగ్గర ఉంచుకోవచ్చునని అదే చట్టములో 221వ సెక్షను ఉన్నది. వకీళ్లకు మాత్రం ఫీజు కొరకు కక్షిదారుని ఫైళ్లు పట్టి ఉంచుకునే హక్కు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. మేము ఆ రెండవ మాటకే మొగ్గుతాము. మగ్గము నేసినవాడు కూలి కొరకు బట్టను ఆపవచ్చు, బట్ట బట్టగానే ఉంటుంది. లెక్కల పుస్తకాలు అట్టివి కావు. అవి ఆగితే రిటర్ను ఆగుతుంది, బ్యాంకు అడుగుతుంది, శనివారము కూలి ఆగుతుంది. తగాదాలో లేనివారి మెడకు తాడు పడుతుంది. “ముందు పుస్తకాలు ఇవ్వండి, తరువాత డబ్బు మేము ఇప్పిస్తాము” అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు ఏమేమి ఉన్నవో ఒక కాగితము మీద వ్రాసి ఇచ్చారు. ఆవర్జాలు నాలుగు, రొక్కపు పుస్తకాలు ఆరు, బ్యాంకు కాగితాల ఫైలు, నల్ల అట్ట నోటు ఒకటి.

నల్ల అట్ట నోటు అనగానే తమ్ముని ముఖము మారింది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. కంపెనీ రిజిస్టరులో పద్నాలుగు మంది పనివారి పేర్లు ఉన్నవి. ఇరవై మంది ఉంటేనే ప్రావిడెంట్ ఫండు చట్టము తగులుతుంది. పెట్టెలు నింపే మరి ముప్పైమంది ఆడవారి పేర్లు, వారి కూలి, ఆ నల్ల నోటులో మాత్రమే ఉన్నవి. “అరవై వేలు మేము ఇస్తే అది ఫీజు అవుతుందా అన్నా, నోరు మూసినందుకు కూలి అవుతుందా?” అని అన్నగారు మమ్మల్ని అడిగారు. ఆడిటర్ గారు బెదిరించలేదు. ఆ మాట అన్నదమ్ములే ఒప్పుకున్నారు. అయినా ఆ నోటు అక్కడ ఉన్నంతవరకు, న్యాయమైన బాకీ కూడా లంచమువలె కనబడుతున్నది. రహస్యము ఒకటి మధ్యలో కూర్చుంటే ఇచ్చేవాని చేయి, పుచ్చుకొనేవాని చేయి రెండూ మురికిగానే కనబడతాయి.

ఆ రాత్రి మేము ఏడుగురము ఇంటికి పోకుండా కూర్చున్నాము. మాలో ఒకరి కుమారుడు అప్పట్లో సత్యం కంప్యూటర్స్‌లో పనిచేసినవాడు. ఆయనే ఆ సంగతి ఎత్తారు. 2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలను కొనబోయి, వాటాదారులు గగ్గోలు పెట్టగా గంటలలోనే విరమించుకున్న తరువాత, సత్యం వారు ఆ నెలాఖరున డీఎస్‌పీ మెరిల్ లించ్ అను సంస్థను ఆర్థిక సలహాదారుగా పెట్టుకున్నారు. పది రోజులు గడిచాయో లేదో, 2009 జనవరి 6న ఆ సలహాదారు ఒప్పందము రద్దుచేసుకున్నది. మరునాడు, లెక్కలలో గణనీయమైన అవకతవకలు కనబడినందుననే తప్పుకున్నామని స్టాక్ ఎక్స్‌ఛేంజీలకు తెలియజేసింది. అదే రోజు రామలింగరాజు ఉత్తరము బయటికి వచ్చింది. 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేకుండానే ఉన్నట్టు చూపామని అందులో ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు విలువ నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది.

ఇటువైపు ఆ కంపెనీ ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ వారు ఏళ్ల తరబడి లెక్కల మీద సంతకాలు చేశారు. బ్యాంకు నిల్వలను నేరుగా బ్యాంకులను అడిగి ధ్రువపరచుకొనవలసినది, ఆ పనిని కంపెనీవారి చేతికే వదిలివేశారని అమెరికా అధికారులు 2011లో తప్పుపట్టి జరిమానాలు వేశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుతోపాటు ఇద్దరు ఆడిటర్లకు కూడా శిక్ష విధించింది, తరువాత అప్పీలులో ఆ శిక్షలు నిలిపివేయబడ్డాయి. సెబీ 2018లో ఆ సంస్థ మీద పెట్టిన రెండేళ్ల నిషేధమును మరుసటి ఏడు అప్పీలు ట్రిబ్యునల్ కొట్టివేసింది గనుక, ఎవరి తప్పు ఎంతో తూచుట మా పని కాదు. మాకు కావలసినది ఒక్క తేడా. పది రోజుల సలహాదారు, తనను పెట్టుకున్నవాని రహస్యమును లోకానికి చాటాడు. అది నమ్మకద్రోహమా?

మాలో ఇద్దరు ఔనన్నారు. ఒకని ఉప్పు తిని అతని ఇంటి మాట వీధిలో పెట్టకూడదన్నారు. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టములో ఉన్న నియమము కూడా అదే. కక్షిదారుని అనుమతి లేకుండా, చట్టము కోరితే తప్ప, పనిలో తెలిసిన సంగతి బయటపెట్టుట తప్పు. ఈ మాటను మేము తేలికగా తీసివేయలేదు. సలహాదారుని నోటి మీద నమ్మకము లేకపోతే ఏ వ్యాపారీ అతనికి నిజము చెప్పడు. నిజము చెప్పని వ్యాపారికి సలహా చెప్పుట గ్రుడ్డివానికి దారి చూపినట్టే.

అయితే యజమాని సరుకు ఎక్కడ కొంటాడు, ఎంతకు కొంటాడు, ఎవరికి బాకీ, ఇంట్లో అన్నదమ్ములకు పడదా, ఇవి అతని రహస్యాలు. పని మానినా, చచ్చేవరకు దాచవలసినవి. లేని డబ్బు ఉన్నదని నమ్మి షేర్లు కొన్నవాని సొమ్ము యజమాని రహస్యము కాదు. ముప్పైమంది ఆడవారికి ముసలితనమునకు చేరవలసిన డబ్బు కూడా కాదు. తనది కానిదానిని ఎవడు ఎవని దగ్గర దాచమని ఇవ్వగలడు? లూకా సువార్త 16వ అధ్యాయములోని గృహనిర్వాహకుడు మనకందరికీ తెలుసు. ఉద్యోగము పోతున్నదని తెలిసి, నూరు మణుగుల నూనె బాకీని ఏబదిగా, నూరు తూముల గోధుమలను ఎనుబదిగా వ్రాయించాడు. యజమాని సొమ్ముతో తన రేపటి దినమును కొనుక్కున్నాడు. మన తగాదాలో అది తిరగబడింది. ఇక్కడ బాకీ తగ్గించి వ్రాసినది యజమానులే, వ్రాసిపెట్టినది నిర్వాహకుడు. ఆయన పదకొండేళ్లు ఆ నోటును తన చేతితోనే వ్రాశారు. నెలనెలా ఐదువేలు పుచ్చుకుంటూ వ్రాశారు. మాన్పించిన తరువాత మేల్కొన్న మనస్సాక్షికి విలువ ఎంత అని మాలో ఒకరు అడిగితే, ఎవ్వరమూ జవాబు చెప్పలేదు.

ఇంకొక సంగతి కూడా వ్రాయాలి. ఆ ముప్పైమందిలో కొందరు మన కూడికలలో చాపల మీద కూర్చునేవారే. మన హాలులో తిరుగుతున్న రెండు ఫ్యాన్లు ఆ కంపెనీవారు ఇచ్చినవే. రిజిస్టరులో ఎవరి పేర్లు ఉన్నవని మేము ఏనాడూ అడగలేదు.

మరునాడు మేము చెప్పినది ఇది. రుసుములో పదివేలు తగ్గించి యాభై వేలు ఇవ్వాలి, చెక్కుగా ఇవ్వాలి, దేనికని వ్రాసి ఇవ్వాలి. పుస్తకాలన్నీ ముందే తిరిగి రావాలి, నల్ల నోటుతో సహా. ఆ నోటు సంగతి డబ్బు సంగతితో కలపకూడదు. మేము కూడా దానిని మరచిపోము. ఆడిటర్ గారు రెండు సంచులతో రైలులో వచ్చి పుస్తకాలు అప్పగించి, ఒక్కొక్కటీ లెక్కపెట్టించి, రసీదు తీసుకున్నారు. చెక్కు వారము తరువాత అందింది.

కంపెనీవారు మధురైలో ఒక చార్టర్డ్ అకౌంటెంటును పెట్టుకున్నారు. ఒక ఆడిటరు స్థానములో మరొకడు చేరేటప్పుడు పాతవానికి ఉత్తరము వ్రాసి తెలుసుకొనవలెనని వారి వృత్తిలో నియమము. మన పెద్దమనిషి ఆ వృత్తివాడు కాడు గనుక అది ఆయనకు వర్తించదు. అయినా ఆ కొత్తాయన వ్రాశాడు, నేను తెలుసుకొనవలసినది ఏమైనా ఉన్నదా అని. ఆడిటర్ గారు ఆ ఉత్తరమును కోవిల్‌పట్టికి పంపి, జవాబు చెప్పుటకు మీరు అనుమతిస్తారా అని క్రింద వ్రాశారు. అన్నగారు పదిహేను రోజులు దానిని సొరుగులో ఉంచుకున్నారు. తరువాత ఒక ఆదివారము మా దగ్గరకు తెచ్చి, మా ఎదుటనే ‘అనుమతిస్తున్నాను’ అని వ్రాసి సంతకము చేశారు. తమ్ముడు చేయలేదు. ఆ ఏటి చివరకు రిజిస్టరులోకి పంతొమ్మిది పేర్లు ఎక్కాయి. తక్కిన పదకొండు మంది, చేతికి వచ్చే కూలిలో కోత పడుతుందని, తమ పేర్లు వద్దన్నారు. వారి ఇండ్లకు వెళ్లి మాట్లాడుటకు మా భార్యలను పంపాము. ముగ్గురు ఒప్పుకున్నారు.

తమ్ముడు ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆడిటర్ గారు కూర్చున్న పంక్తిలో కూర్చోడు.