మొదటి బిందె ఎవరికి?

సాన్ ఫ్రాన్సిస్కోలో 20వ వీధి, చర్చ్ వీధి కలిసే చోట ఒక ఫైర్ హైడ్రెంట్ ఉంది. ఏటా ఏప్రిల్ 18న తెల్లవారకముందే కొంతమంది అక్కడికి చేరి దానికి బంగారు రంగు వేస్తారు. 1906లో అదే రోజు ఉదయం 5:12కి భూకంపం వచ్చింది. నగరానికి నీళ్ళు తెచ్చే పెద్ద పైపులు తెగాయి, వీధుల కింద పైపులు విరిగాయి. హైడ్రెంట్లు తిప్పితే చాలాచోట్ల చుక్క రాలేదు. మూడు రోజులకు పైగా ఊరు కాలింది. సుమారు 28,000 భవనాలు పోయాయి, దాదాపు 3,000 మంది చనిపోయారని అంచనా. ఆ మూల నీళ్ళిచ్చిన ఈ హైడ్రెంటే మిషన్ ప్రాంతాన్ని చాలావరకు కాపాడింది.

రంగు వేసి దండం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అది అదృష్టానికి పెట్టే దండం. ఆ ఊరి అగ్నిమాపక దళం అధిపతి డెనిస్ సలివన్ అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా ఒకటే మాట చెబుతూ వచ్చాడు: మంటలార్పడానికి వేరే నీటి ఏర్పాటు ఉండాలి, అవసరమైతే సముద్రపు నీళ్ళు తోడుకునేలా ఉండాలి అని. ఎవరూ డబ్బు పెట్టలేదు. భూకంపం మొదటి నిమిషాల్లోనే ఆయన తీవ్రంగా గాయపడి, కొద్ది రోజులకే చనిపోయాడు. రెండేళ్ళ తర్వాత, 1908లో, ప్రజలు ఓటేసి అప్పు తెచ్చుకున్నారు. 1913 నాటికి ఆయన అడిగినటువంటి వ్యవస్థ తయారైంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం అంటాం కదా, వీళ్ళు కాలిపోయాక తవ్వారు. అయినా తవ్వారు, అది చిన్న విషయం కాదు.

ఇక్కడి నుంచే నా ప్రశ్న మొదలవుతుంది. ఆ వ్యవస్థని అప్పటికి ఊరు ఎక్కడ ఉందో అక్కడ కట్టారు, అంటే ప్రధానంగా ఈశాన్య భాగంలో. తర్వాత ఊరు పడమటికి, దక్షిణానికి పెరిగింది. సన్‌సెట్, రిచ్‌మండ్ లాంటి పేటల్లో చెక్క ఇళ్ళు గోడకి గోడ ఆనించి లేచాయి. పైపులు మాత్రం ఆ వేగంతో వెళ్ళలేదు. పడమటి, దక్షిణపు పేటల్లో చాలా భాగానికి ఈ రక్షణ లేదని 2019లో నగరపు సివిల్ గ్రాండ్ జ్యూరీ గట్టిగా చెప్పింది. మరుసటి ఏడాది ఓటర్లు 62.85 కోట్ల డాలర్ల బాండుకి ఒప్పుకున్నారు. అందులో కొంత ఈ నీటి వ్యవస్థకి.

ఆ పేటలవాళ్ళని ఎవరూ కావాలని వదిలేయలేదు. ఎవరికీ వాళ్ళమీద ద్వేషం లేదు. అయినా వందేళ్ళపాటు ఆ పటం ఒక తీర్పులా పనిచేసింది: పెద్ద భూకంపం వస్తే ఎవరి ఇల్లు కాలనివ్వవచ్చో చెప్పే తీర్పు. దాన్ని రాసినవాళ్ళకి తాము తీర్పు రాస్తున్నామని తెలియకపోవచ్చు, అంతే.

మన వీధి కుళాయిల దగ్గర బిందెల వరస చూసినవాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఆ వరసలో అన్యాయం ఉంటుంది, తోపులాట ఉంటుంది, పలుకుబడి ఉంటుంది. కానీ ఎవరి బిందె ముందుందో అందరికీ కనిపిస్తుంది. అడగొచ్చు, పోట్లాడొచ్చు. భూమి కింద పైపుల్లో కూడా అలాంటి వరసే ఉంది. అది కనపడదు కాబట్టి పోట్లాట లేదు. పోట్లాట లేదు కాబట్టి న్యాయంగానే ఉందనుకుంటాం.

అదే ప్రాంతంలో ఇంకో ఉదాహరణ. సియెరా పర్వతాల్లోని హెచ్ హెచీ జలాశయం నుంచి బే ఏరియాలో 26 లక్షల మందికి పైగా నీళ్ళు తాగుతారు. ఆ పైపులు ఫ్రీమాంట్‌లో హేవర్డ్ ఫాల్ట్‌ని దాటాలి. ఎన్నో తెలుగు కుటుంబాలు ఉండే ఊరే అది. ఆ ఫాల్ట్ మీద చివరి పెద్ద భూకంపం 1868లో వచ్చింది. ఇప్పుడు ఆ దాటే చోట, నేల కొన్ని అడుగులు జరిగినా తట్టుకునేలా కీళ్ళున్న పైపు వేశారు. దాదాపు 480 కోట్ల డాలర్ల ఆ బృహత్ పథకానికి పెట్టుకున్న లక్ష్యాల్లో ఒకటి ఇలా ఉంటుంది: పెద్ద భూకంపం వచ్చిన 24 గంటల్లో, మూడు ప్రాంతాల్లో ప్రతిదానిలోనూ, స్థానిక సంస్థలకు నీళ్ళు మళ్ళించే చోట్లలో కనీసం 70 శాతానికి మామూలు చలికాలపు అవసరానికి సరిపడా నీళ్ళు అందాలి.

నాకు ఇందులో ‘ప్రతిదానిలోనూ’ అన్న మాట నచ్చింది. అది లేకపోతే ఒక ప్రాంతానికి నూటికి నూరు, ఇంకోదానికి సున్నా ఇచ్చి సగటు చూపించొచ్చు. ఇంజనీర్లు రాసిన వాక్యంలో న్యాయశాస్త్రం దూరిన చోటు అది. మరి మిగతా 30 శాతం? వాళ్ళెవరు? ఎన్ని రోజులు?

ఎక్కువమందికి ముందు మేలు జరిగితే చాలదా అని అడగొచ్చు. డబ్బు పరిమితం, పైపులు అనంతం. ఆసుపత్రికి ముందు ఇవ్వాలంటే ఎవరూ కాదనరు. ఒక పెద్ద పైపు బాగుచేస్తే లక్షమందికి నీళ్ళొస్తాయంటే ముందు అదే చేయాలి. ఇంతవరకూ లెక్క సరైనదే. కానీ ఆ లెక్క ఎదురుచూపులన్నిటినీ ఒకే బరువుతో తూస్తుంది. 1995 జనవరి 17న కోబేలో భూకంపం వచ్చాక కరెంటు ఒక వారంలో చాలావరకు తిరిగొచ్చింది. నీళ్ళు, గ్యాస్ పూర్తిగా రావడానికి ఏప్రిల్ దాకా పట్టింది. మూడు నెలలు! కారు, పక్క ఊళ్ళో చుట్టాలు, బ్యాంకులో డబ్బు ఉన్నవాడికి ఆ మూడు నెలలు ఒక ఇబ్బంది. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడకి రోజూ బకెట్టు మోయడమే ప్రాణాంతకం. ఆవిడ పదో రోజూ, ఇతని పదో రోజూ ఒకటి కావు. కాబట్టి సగటున ఎన్ని రోజులు అన్నది చాలదు. అందరికంటే ఆఖరున ఎవరు, వాళ్ళు అన్ని రోజులు తట్టుకోగలరా అన్నది కూడా అడగాలి.

ఇంకో చిక్కుంది. ఇవాళ నీటి బిల్లులో నాలుగు డాలర్లు ఎక్కువ కట్టేవాడు ఆ భూకంపం చూడకపోవచ్చు. చూసినా, తెగని పైపుని ఎవరూ గుర్తించరు. తెగని పైపుకి బంగారు రంగు వేసే పండగ ఉండదు. తెలియని మనుషుల కోసం, తెలియని రోజు కోసం, పేరు రాని పని చేయమని అడుగుతున్నాం. మనకి ముందువాళ్ళు వేసిన పైపుల నీళ్ళే మనం తాగుతున్నాం కాబట్టి ఇది దానం కాదు, బాకీ అని నా ఉద్దేశం.

అయితే బాకీ తీర్చే దాకా ఈ లోపు చేయగలిగిన పని ఒకటుంది, దానికి ఖర్చు కూడా తక్కువే. ఆ వరసని బయటపెట్టడం. ఫలానా పేటకి రెండో రోజు నీళ్ళొస్తాయి, ఫలానా పేటకి ముప్ఫయ్యో రోజు అని నగరం ముందే చెప్పాలి. అధికారులు భయపడతారు: జనం కంగారుపడతారని, ఇళ్ళ ధరలు పడిపోతాయని. పడొచ్చు. కానీ ముప్ఫయ్యో రోజు అని తెలిసిన పేట డ్రమ్ములు నింపుకుంటుంది, ఏ ఇంట్లో మోయలేని మనిషి ఉన్నాడో రాసిపెట్టుకుంటుంది, అన్నిటికీ మించి వచ్చే మీటింగుకి వచ్చి ‘మేమే ఎందుకు ఆఖరున?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు ఉంటే చెప్పాలి. లేకపోతే పైపు వేయాలి. నేల కదిలాక ఆ ప్రశ్న అడిగినా, వినడానికి ఎవరికీ తీరిక ఉండదు.