నారుమడి పక్కన బడి

ఇందుకూరుపేట నుంచి మైపాడు సముద్రం వైపు పోయే దారిలో ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో అయిదో తరగతి దాకా చెప్పే చిన్న బడి ఉండేది. బడి గోడ దాటితే వరి కయ్యలు, కయ్యలు దాటితే రొయ్యల గుంటలు, అవీ దాటితే సముద్రం. ఊరివాళ్లు తలా కొంత వేసుకుని ఆ బడికి పన్నెండు చిన్న వయొలిన్లు, రెండు మృదంగాలు, ఒక కంజీర కొన్నారు. పిల్లలందరి చేతా కలిపి వాయించడానికి ఒక సంగీతం మాస్టారిని జీతమిచ్చి పెట్టుకున్నారు.

మాస్టారి పని బడి గంటకు ముందే మొదలయ్యేది. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టేవి. చెమ్మకు బిరడలు ఉబ్బి బిగుసుకుపోయేవి. ఆయన ఒక్కో బిరడనూ ఊడదీసి, దానికి పొడి సబ్బుముక్క రాసి, ఒక్కో తీగనూ పొడిగుడ్డతో తుడిచి, పన్నెండు వయొలిన్లనూ శ్రుతి చేసి పెట్టేవాడు. అప్పుడు మూడో తరగతి పిల్లలు వచ్చి బాసింపట్లు వేసుకుని కూర్చుని, వయొలిన్ తలను కుడికాలి మడమ దగ్గర ఆనించుకునేవాళ్లు. కమాను సరిగా పట్టుకోవడానికే వాళ్లకు నెల పట్టేది. మొదటి ఏడంతా సరళి స్వరాలు, రెండో ఏడు జంట స్వరాలు, మూడో ఏడు అలంకారాలు, ఆపైన ఒకటో రెండో గీతాలు. పక్కవాడి వయొలిన్ వింటూ తన వయొలిన్ వాయించడం పిల్లలకు అప్పుడప్పుడే అలవడేది. సరిగ్గా ఆ వేసవికి అయిదో తరగతి అయిపోయి వాళ్లు హైస్కూలుకు వెళ్లిపోయేవాళ్లు. జూన్‌లో మళ్లీ మూడో తరగతి వచ్చేది, మళ్లీ కమాన్లు కిర్రుమనేవి.

మాస్టారి గది గోడకు ద్వారం వెంకటస్వామి నాయుడి పటం ఉండేది. నాయుడుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరి, పడమటి దేశాల నుంచి వచ్చిన ఆ వాద్యాన్ని తెలుగువాళ్ల సొంతం చేశారు. చిన్నతనంలో ఆయనకు వయొలిన్ నేర్పింది ఆయన అన్నగారు. మాస్టారు నాయుడుగారి కచేరీల గురించి పిల్లలకు ఎంతో చెప్పేవాడు. ఆ అన్నగారి గురించి చెప్పాలని మాత్రం ఆయనకు ఎన్నడూ తోచలేదు.

హైస్కూలుకు పోయిన పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లు సాయంత్రాలు బస్సెక్కి నెల్లూరు వెళ్లి, అక్కడ ఒక విద్వాంసుడి దగ్గర చేరేవాళ్లు. ఒకసారి ఆ విద్వాంసుడి శిష్యుల కచేరీ జరిగితే మాస్టారు వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. వేదిక మీద సగం మంది మాస్టారి దగ్గర కమాను పట్టినవాళ్లే. కచేరీ అయ్యాక సభవాళ్లు విద్వాంసుడికి శాలువా కప్పారు. ఆ పల్లె బడి పేరు ఎవరి నోటా రాలేదు. మాస్టారు ఆఖరి బస్సులో ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు.

ఆ జూన్‌లో ఆయన మూడో తరగతి పిల్లలను చేర్చుకోలేదు. నాలుగో తరగతినీ పక్కన పెట్టాడు. పొద్దూ మాపూ అయిదో తరగతి పిల్లలతోనే గడిపాడు. గాంధీజయంతి నాడు వాళ్లను పల్లిపాడు తీసుకెళ్లి, 1921లో గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమంలో వాయింపించాడు. అంత చిన్నపిల్లలు అంత ఒద్దికగా వాయించడం చూసి జనం మెచ్చుకున్నారు. మాస్టారికీ శాలువా కప్పారు.

వేసవి దాటింది. పిల్లలు ఆరో తరగతికి వెళ్లారు. మాస్టారికి వాళ్లను వదలబుద్ధి కాలేదు. నెల్లూరు పంపొద్దని తల్లిదండ్రులకు నచ్చజెప్పి, రోజూ సాయంత్రం తన దగ్గరికే రప్పించుకున్నాడు. బడిలో ఉన్నవి చిన్నపిల్లల వయొలిన్లు. వీళ్ల చేతులు సాగాయి, వేళ్లు పెరిగాయి. తీగ మీద ఒక వేలి పక్కన ఇంకో వేలు పట్టక స్వరాలు పక్కకు జారాయి. చెయ్యి సగం లాగేసరికే కమాను అయిపోయి నాదం తెగింది. ఆయన దగ్గరున్న గీతాలు అయిపోయాయి, పిల్లలు వాయించినవే మళ్లీ వాయించారు. పొద్దున బడి వేళలో మూడో తరగతి పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకుని గదిలోకి చూసి వెళ్లిపోయేవాళ్లు. ఆ ఏడు గాంధీజయంతి నాడు అదే ఆశ్రమంలో అదే పిల్లలు వాయిస్తే వినేవాళ్లు మొహమాటానికి చప్పట్లు కొట్టారు.

అదే ఏడు కార్తీకంలో బడి గోడ పక్కన ఇద్దరు రైతులు ఒకే రోజున ఒకే విత్తనంతో నారు పోశారు. ఒకడు పడుచు రైతు, ఇంకొకామె ముసలమ్మ. ఇద్దరి నారూ పచ్చగా ఒత్తుగా లేచింది. పాతిక రోజులు దాటగానే ముసలమ్మ నారు పీకించి, కట్టలు కట్టించి, తన కయ్యలో నాటించింది. మిగిలిన కట్టలను వానకు నారు పోగొట్టుకున్న ఇరుగుపొరుగుకు ఇచ్చేసింది. ఆమె నారుమడిలో బురద తప్ప ఏమీ మిగల్లేదు. పడుచు రైతు నారును దారిన పోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకున్నారు. అతనికి పీకబుద్ధి కాలేదు. నీళ్లు పెట్టి, ఎరువు చల్లి, ఇంకో మూడు వారాలు మడిలోనే ఉంచాడు. ఆ తర్వాత పీకితే నారు ముదిరి కణుపులు కట్టి ఉంది, వేళ్లు తెగి వచ్చాయి. నాటాక పిలకలు సరిగా వెయ్యలేదు. కంకులు పొట్టిగా వచ్చి సగం తాలు పోయాయి.

కోతల వేళకు మాస్టారు బడి గోడ దగ్గర నిలబడి కయ్యలు చూశాడు. పడుచు రైతు కయ్యలో గడ్డి ఎక్కువ, గింజ తక్కువ. ముసలమ్మ కయ్య విరగ పండింది. ఆమె నారు పట్టుకెళ్లిన ఇరుగుపొరుగు కయ్యలూ పండాయి. ఆయన చాలాసేపు అక్కడే ఉండిపోయాడు.

మర్నాడు మాస్టారు ఆరో తరగతి పిల్లలందరినీ వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కాడు. వాళ్లను స్వయంగా విద్వాంసుడికి అప్పగించి, ఏ బిడ్డకు ఏ వేలు బలహీనమో, ఎవరికి తాళం తప్పుతుందో, ఎవరు గద్దిస్తే ముడుచుకుపోతారో పేరుపేరునా చెప్పి వచ్చాడు. పన్నెండు వయొలిన్లకూ కొత్త తీగలు కట్టాడు. జూన్ రాగానే మూడో తరగతి గదికి వెళ్లి పిల్లలందరినీ పిలిచాడు. మొదటి పాఠం రోజున గోడ మీది పటం చూపించి, నాయుడుగారి అన్నగారి గురించి చెప్పాడు. ఆ తర్వాత వాళ్ల చేతులకు కమాన్లు ఇచ్చాడు.

నీతి: మొదటి పాఠం చెప్పే గురువు దగ్గర ఏ శిష్యుడూ ఉండిపోడు, వేళకు సాగనంపగలిగితేనే ఆయన పని నెరవేరినట్టు. పేరు కోసం పిల్లలను పట్టి ఉంచుకుంటే వాళ్ల ఎదుగుదలా ఆగుతుంది, వెనక వచ్చేవాళ్లకు చోటూ ఉండదు. వేదిక మీద ఒక బిడ్డ చక్కగా వాయిస్తే చప్పట్లు కొట్టే మనం, ఆ చేతికి మొదట కమాను పట్టించింది ఎవరో అడిగి తెలుసుకుని, ఆ గురువు ఉన్న ఊరికి వెళ్లి ఆ సంగతి చెప్పి రావాలి.