చెప్పి రమ్మన్న మాట

మా మేనకోడలికి ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పటి నుంచీ ఉప్పునుంతలలో నన్ను పలకరించినవాళ్ళంతా అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఏ పార్టీ?"

వాళ్ళ తప్పు లేదు. ఉద్యోగం పేరే అలాంటిది. పొలిటికల్ అఫైర్స్ ఆఫీసరు. రాజకీయ వ్యవహారాల అధికారి అని నేను తెలుగు చేసి చెప్పేసరికి వ్యవహారం మరింత ముదిరింది. "అయితే వచ్చే ఎలక్షన్ల టికెట్టు మనపిల్లకే అన్నట్టు!" అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. టికెట్టూ లేదు, జెండా లేదు, ఐక్యరాజ్య సమితి కొలువమ్మా అంటే, "మరి రాజకీయమని ఎందుకు పెట్టుకున్నరు ఆ పేరు?" అని ఆవిడే నన్ను నిలదీసింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

పోయిన ఏడు సద్దుల బతుకమ్మకు పిల్ల ఊరికి వచ్చింది. వాకిట్లో చాప పరిచి తంగేడు, గునుగు కుప్పలు పోసుకుని కూర్చున్నాం. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరుస్తూ అడిగాను, అసలు నువ్వక్కడ చేసేదేమిటే అని.

సమితిలో రాజకీయ, శాంతి స్థాపన వ్యవహారాల శాఖ అని ఒకటుందట. 1992లో వట్టి రాజకీయ వ్యవహారాల శాఖగా పుట్టి, 2019లో శాంతిని కూడా పేరులో కలుపుకుంది. ఎక్కడైనా రెండు వర్గాలు కొట్టుకుంటున్నా, కొట్టుకోబోతున్నా, కొట్టుకుని అలసిపోయినా అక్కడికి ఒక పెద్దమనిషిని పంపుతారు. ఆయన వెనక కుర్చీలో మా పిల్లలాంటివాళ్ళు నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటారు. పొద్దున లేచి అక్కడి పేపర్లన్నీ చదవడం, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో కనిపెట్టడం, పగలు ఇరుపక్షాలవాళ్ళనూ కలవడం, రాత్రి కూర్చుని ఎవరేమన్నారో న్యూయార్కుకు రాయడం. చేరినప్పుడు ప్రమాణం కూడా చేయిస్తారట. సమితి చార్టరులో నూరో అధికరణం ప్రకారం ఆ కొలువులో ఉన్నవాళ్ళు ఏ దేశ ప్రభుత్వం నుంచీ ఆదేశాలు అడగకూడదు, ఇస్తే తీసుకోకూడదు.

"మన దేశం చెప్పినా?" అన్నాను.

"మన దేశం చెప్పినా, అత్తా."

నా చేతిలో గునుగు పువ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. మన ఇంట్లో పుట్టి మన మాట వినని పిల్లలు కొత్తేమీ కాదు గాని, వినకపోవడానికి జీతమిచ్చేవాళ్ళు ఉంటారని మాత్రం నాకు తెలియదు.

"మరి ఒకడు నీ కళ్ళముందు పచ్చి అబద్ధం చెప్తే? నీకేమీ అనిపించదా?"

"ఎందుకనిపించదు! కని వాడు చెప్పింది చెప్పినట్టే రాస్తం. తిట్టినా రాస్తం. బెదిరించినా రాస్తం. ఆఖర్న వ్యాఖ్య అని విడిగా ఒక పేరా ఉంటది. నాకేమనిపిచ్చిందో అండ్ల రాస్త. మీది మాటల్ల నా మాట కలవనియ్యను."

ఆ తర్వాత బతుకమ్మ ఎలా పేర్చానో నాకు గుర్తులేదు. ఒక వరస వంకర పోయిందని వదిన విప్పి మళ్ళీ పేర్చింది. నా మనసు మాత్రం 1986 ఎండాకాలంలోకి వెళ్ళిపోయింది.

ఆ ఏడు మా నాయన మంచం పట్టాడు. ఆయనకూ మా చిన్నాయనకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. కారణం బావి. ఇద్దరికీ కలిసిన బావి. మోట తోలుకున్నన్నాళ్ళు వంతులు సరిగ్గానే సాగాయి. ఎద్దులు అలసిపోతాయి కనక ఎవరెంత తోడారో అందరికీ తెలిసేది. కరెంటు మోటారు వచ్చాక ఆ లెక్క చెడింది. మోటారుకు అలుపు ఉండదు, రాత్రిపూట ఎవరు స్విచ్చి వేశారో చెప్పేవాడుండడు. మా పాలమూరు వైపు పంట పోతే మనిషి ఇంట్లో ఉండడు, పని వెతుక్కుంటూ ఏ దేశాలో పట్టిపోతాడు. అలాంటి చోట రెండు మూరల నీళ్ళంటే అన్నదమ్ములు విడిపోవడానికి చాలినంత కారణమే.

ఒకరోజు నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. "చిన్నాయన దగ్గరికి పోయి చెప్పిరా. ఒక్కపారి వచ్చి పొమ్మన్ననని చెప్పు. బావి ముచ్చట ఎత్తితే మాత్రం కూసోనియ్య, లేపి పంపిస్తనని కూడ చెప్పు."

రెండు వాక్యాలు. దారి పొడుగునా ఆ రెండింటినీ మోసుకుంటూ వెళ్ళాను. చిన్నాయన అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను మొదటి వాక్యం చెప్పగానే ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ మొహం చూసిన తర్వాత రెండోది నా నోట్లోంచి రాలేదు. ఎందుకులే అనుకున్నాను. మంచికేగదా అనుకున్నాను. అప్పటికి నేను పదేళ్ళుగా పంతులమ్మను. నాకు తెలివితేటలున్నాయని నా అనుమానం.

సాయంత్రానికి చిన్నాయన ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. టీ తాగాడు. అన్న చెయ్యి పట్టుకున్నాడు. వెనక నిలబడి నేను మురిసిపోతున్నాను. అప్పుడాయన ఎంతో మెత్తగానే అన్నాడు: "అన్నా, ఆ బావి ముచ్చట గూడ ఒక్కటి అనుకుంటే అయిపాయె." అన్న పిలిచాడంటే తెంపుకోవడానికే పిలిచాడనుకున్నాడు పాపం. అనుకోక ఏం చేస్తాడు?

నాయన గోడవైపు తిరిగాడు. "ముందుగాల్నే చెప్పి పంపిన గద" అన్నాడు.

చిన్నాయన నావైపు చూశాడు. ఆ చూపు గురించి ఇంతకంటె రాయలేను. లేచి వెళ్ళిపోయాడు. ఇరవై రోజులకు నాయన పోయాడు. చిన్నాయన వచ్చి పాడె మోశాడు. నాతో మాత్రం తాను పోయేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

మీలో ఎంతమంది ఈ పని చెయ్యలేదో చెప్పండి. అత్తగారి మాట తోడికోడలికీ, మగని మాట పుట్టింటికీ, కొడుకు మాట తండ్రికీ మోస్తూనేగదా మనకు వెంట్రుకలు నెరిసేది! కారం తీసేసి, కాస్త బెల్లం కలిపి అందిస్తాం. అలా అందించినందుకు మనల్ని మెచ్చుకుంటారు కూడా, నెమ్మదస్తురాలని. ఇంత రాయబారం నడిపే ఆడదాన్ని దేశం రాయబారానికి పనికిరాదనుకున్న రోజులున్నాయి. సి.బి. ముత్తమ్మగారు 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ. పెళ్ళి చేసుకోవాలంటే ఆడ అధికారి ప్రభుత్వం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలని, సంసారం అడ్డొస్తుందనుకుంటే రాజీనామా చెయ్యమనవచ్చునని అప్పట్లో నిబంధన. మగవాళ్ళకు సంసారాలు అడ్డురావు గాబోలు. ముత్తమ్మగారు సుప్రీంకోర్టుకెక్కితే, 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యర్ ఆ వివక్షను గట్టిగా తప్పుపట్టారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా పిల్ల ఇవాళ ఆ కుర్చీలో కూర్చుందంటే ముందు ఇలాంటివాళ్ళు నిలబడి ఉండబట్టే.

అన్నట్టు, మా ఊరు కూడా ఒకసారి సమితి బల్లమీదికి వెళ్ళింది. నవ్వకండి. 1948లో ఉప్పునుంతల నిజాం రాజ్యంలో ఉండేది. ఆ ఏడు ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భారతదేశం మీద భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి కూర్చుని, ఎనిమిది దేశాలు సరేననగా, మూడు ఎటూ ఓటు వెయ్యకపోగా, ఆ విషయం చర్చకు తీసుకుంది. నిజాం పక్షాన మొయిన్ నవాజ్ జంగ్. భారతదేశం పక్షాన ఆర్కాటు రామస్వామి మొదలియారు. ఈ మొదలియారుగారు పుట్టింది ఎక్కడో కాదు, కృష్ణ దాటితే మాకు ఇరుగుపొరుగైన కర్నూల్లో. మరునాటికల్లా నిజాం యుద్ధం ఆపించాడు. 22న తన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని తంతి కొట్టాడు.

ఆ పారిస్‌లో మొయిన్ నవాజ్ జంగ్ అవస్థ ఊహించుకోండి. ఆయన మోసిన పక్షం మీద నాకు జాలి లేదు. మా ఊళ్ళలో రజాకార్ల పేరు చెబితే పిల్లలు ఏడుపు మానేవాళ్ళు. కాని చెప్పి రమ్మన్నవాడే నేను చెప్పమనలేదంటే, చెప్పడానికి వెళ్ళినవాడు ఏం కావాలి? ఆ తంతి నిజాం ఇష్టపడి ఇచ్చిందా, ఇవ్వక తప్పక ఇచ్చిందా అనే వాదన అక్కడ లేచింది. ఫిర్యాదు మాత్రం తేలకుండా అలాగే మండలి కాగితాల్లో ఉండిపోయింది.

మా నాయనమ్మ ఆ నెలంతా జొన్న గరిసె వెనక దాచిన పిల్లలను లెక్కపెట్టుకుంటూ గడిపిందట. తన సంగతి ఎవరో పారిస్‌లో వాదించుకుంటున్నారని ఆమెకు తెలియదు. చచ్చిపోయేదాకా తెలియదు. ఆ ఇద్దరిలో ఎవరి నోట ఆమె మాట ఉన్నట్టు?

ఇదే మా పిల్లనడిగాను. పువ్వులు పేర్చడం అయిపోయి పైన గౌరమ్మను పెడుతున్నాం. "అందుకే ఊళ్ళల్లకు పోతం అత్తా" అంది. "బల్ల దగ్గర కూసున్నోళ్ళ మాటే రాసుకొస్తే సగమే వచ్చినట్టు. నీళ్ళ బోరింగు కాడ ఆడోళ్ళతోని గంట మాట్లాడితే మంత్రి చెప్పనిది తెలుస్తది." నీళ్ళ దగ్గర ఏం తెలుస్తుందో నాకు ఒకరు చెప్పాలా!

ఆ రాత్రి నిద్రపట్టలేదు. సంజయుడు గుర్తొచ్చాడు. మన ఊళ్ళలో శ్రీకృష్ణ రాయబారమంటే హార్మోనియం పెట్టి తెల్లవార్లూ ఆడతారు గాని, సంజయుడి రాయబారం కోసం మేలుకున్నవాళ్ళను నేను చూడలేదు. ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడు అతన్ని పాండవుల దగ్గరికి పంపుతాడు. యుద్ధం వద్దు, శాంతం మేలు అని చెప్పమంటాడు. రాజ్యభాగం ఇస్తాననే మాట మాత్రం అందులో లేదు. ఎంత తియ్యటి మాట! సంజయుడు వెళ్ళి చెప్పి, వాళ్ళ జవాబు పట్టుకుని రాత్రికి తిరిగొస్తాడు. వచ్చి ఏం చేశాడు? ముసలిరాజును ఆ రాత్రే తన మాటగా కడిగిపెట్టాడు, తప్పు నీదేనని. ధర్మరాజు చెప్పిపంపిన మాట మాత్రం రేపు సభలో అందరి ముందూ చెబుతానని వెళ్ళి పడుకున్నాడు. రాజుకు మటుకు నిద్ర కరువై విదురుణ్ణి పిలిపించుకున్నాడు. తన మాట రాత్రికి, మోసుకొచ్చిన మాట పగటికి. రెండింటినీ ఒక మూటలో కట్టలేదు. ఆ పర్వం తెలుగు చేసిన తిక్కన కూడా మనుమసిద్ధి మంత్రి. ప్రభువుకు రాజ్యం పోతే సాయమడగడానికి ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరికి వెళ్ళాడని చెప్పుకుంటారు. సంజయుడి దారి ఎలా ఉంటుందో ఆయనకు నడిచి తెలుసు.

నేను చేసిందేమిటి? నాయన మాటలో నా మాట కలిపేశాను. ఒక వాక్యం మింగడం కూడా కలపడమే. చిన్నాయనకు రెండు వాక్యాలూ చెప్పి, ఆపైన "ఇది నాయన అన్నది. నేననేది ఏందంటే, అయినా నువ్వు రా" అని విడిగా అని ఉండాల్సింది. అప్పుడు వచ్చేదీ రానిదీ ఆయన ఇష్టం. ఆ ఇష్టాన్ని నేను దొంగిలించాను. మంచికే దొంగిలించానన్నది నిజమే. దాంతో దొంగతనం కాకుండా పోతుందా? ఇన్నేళ్ళూ నాది నాలిక మెత్తనని గర్వపడ్డాను. అది భయమేమోనని ఇప్పుడు అనుమానం. కటువు మాట మనం పుట్టించింది కాకపోయినా, మన నోట వింటే ఎదుటివాళ్ళ మొహం మారుతుందిగదా. ఆ మొహం చూడలేకే సగం మాటలు మింగుతాం.

మా చిన్నమ్మ ఇంకా ఉంది. తొంభైకి దగ్గరపడింది, చెవి కొంచెం మందం. మేనకోడలు వెళ్ళిన మర్నాడు పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నాయన చెప్పిపంపిన రెండు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు, కాస్త గట్టిగా, అప్పజెప్పాను. రెండోది చెప్పలేదు చిన్నమ్మా, నేనే దాచానన్నాను.

ఆమె తమలపాకు ఈనె తీస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. వినబడలేదేమో, మళ్ళీ చెప్పాలేమో అని నా గుండె జారింది.

"ఆ మాట అప్పుడే చెప్పుంటే ఆయన వచ్చేటోడే కాదు బిడ్డా" అంది చివరికి. "ఎంత పౌరుషం ఆయనకు! నువ్వు చెప్పకపోబట్టే వచ్చిండు. కొట్లాడితే కొట్లాడిండు గని, అన్న మొకమైతే చూసిండు. రాత్రి ఇంటికొచ్చి, అన్న చెయ్యి ఎంత బక్కగైందే అని ఏడ్సిండు."

అని ఆకు నోట్లో పెట్టుకుంది.

ఆదివారం మేనకోడలు ఫోను చేసింది. అదున్న దేశం పేరు ఇప్పుడు చెప్పకూడదట, నేనూ అడగలేదు. చిన్నమ్మ ఏమన్నదని అడిగింది. ఒక్క మాట తగ్గకుండా, పెరగకుండా చెప్పాను.

"మరి నువ్వేమనుకుంటున్నవ్ అత్తా?"

ఇంకా అనుకుంటూనే ఉన్నానన్నాను.