సిరా మరకలూ, సాక్ష్యాలూ

స్త్రీ మీద దారుణం జరిగిన ప్రతిసారీ మన పత్రికల్లో ‘మృగాడు’ అనే మాట అచ్చవుతుంది. చేసినవాడు మనిషే కాదనుకుంటే మనకొక ఊరట. మన ఇళ్లలోని మగవాళ్లు వేరు, వాడు వేరు అనుకోవచ్చు. ఈ ఊరటకు శాస్త్రం నుంచి రుజువు వెతికిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది.

1945-46లో న్యూరెంబర్గ్ జైల్లో ఉన్న నాజీ నాయకుల్లో చాలామందికి రోర్షాక్ పరీక్ష పెట్టారు. స్విస్ వైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో ప్రచురించిన పది సిరా మరకల బొమ్మలవి. ‘ఇందులో నీకేం కనిపిస్తోంది?’ అని అడుగుతారు. జవాబుల్ని బట్టి వ్యక్తిత్వాన్ని అంచనా కడతారు. పరీక్షించింది ఇద్దరు అమెరికన్లు: సైకియాట్రిస్టు డగ్లస్ కెల్లీ, సైకాలజిస్టు గుస్తావ్ గిల్బర్ట్. చూసింది ఒకే మనుషుల్ని, చెప్పింది చెరో మాట. ఇలాంటివాళ్లు ఎక్కడైనా దొరుకుతారన్నాడు కెల్లీ. గిల్బర్ట్‌కి రోగగ్రస్తమైన వ్యక్తిత్వాలు కనిపించాయి.

మాలీ హారోవర్ అనే సైకాలజిస్టు ఆ జవాబుల్ని పేర్లు తీసేసి, మతబోధకులవీ మానసిక చికిత్స పొందుతున్నవాళ్లవీ కలిపి నిపుణులకు ఇచ్చింది. నాజీలవి ఏవో వాళ్లు విడదీయలేకపోయారు. ఆమె ఈ సంగతి 1976లో ప్రచురించింది. చూసేవాడి మనసు మరకలో పడుతుందన్నది ఈ పరీక్ష సూత్రం. మరి పరీక్షించేవాళ్ల మనసు పడదా? పాఠంలో తనక్కావలసిందే చదువుకునే పాఠకుల్ని సాహిత్య పరిశోధనలో రోజూ చూస్తుంటాను కాబట్టి నాకీ అనుమానం.

న్యూరెంబర్గ్ తీర్పు ఈ మరకల మీద ఆధారపడలేదు. రుడాల్ఫ్ హెస్ విషయంలో కోర్టు వైద్యుల్ని సంప్రదించింది గానీ, అడిగింది విచారణను ఎదుర్కోగల స్థితిలో ఉన్నాడా అని మాత్రమే. మిగతాదంతా ఉత్తర్వులు, సంతకాలు, సాక్షుల మాటలు. 1946 జనవరి 28న మరీ క్లోద్ వాయాఁ కుతూరియే బోనెక్కి ఆష్విట్జ్ గురించి చెప్పింది. ఆమెతో వెళ్లిన 230 మంది ఫ్రెంచి స్త్రీలలో తిరిగొచ్చింది 49 మంది. ఈ లెక్క ముందు, నిందితుడికి మరకలో సీతాకోకచిలుక కనిపించిందా గబ్బిలం కనిపించిందా అన్నదానికి విలువేముంది?

నేరానికి ఉద్దేశం కావాలి కదా, లోపలికి చూడకుండా ఎలా అని అడగొచ్చు. ఉద్దేశాన్ని మాటల్లోంచీ చేతల్లోంచీ నిరూపించవచ్చు. రువాండాలో టబా మేయరుగా పనిచేసిన అకయేసు కేసులో 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు ఆ పనే చేసింది. అత్యాచారం జాతిహననంలో భాగం కాగలదని అంతర్జాతీయ కోర్టు తేల్చడం అదే మొదటిసారి. న్యూరెంబర్గ్ చార్టర్ నేరాల జాబితాలో అత్యాచారం పేరైనా లేదు. అకయేసు మీద మొదట పెట్టిన అభియోగాల్లోనూ లేదు. స్త్రీలు కోర్టులో నోరు విప్పాక 1997లో చేర్చారు. ఆ ధర్మాసనం మీద ఉన్న ఒకే ఒక్క స్త్రీ నవనీతం పిళ్లై.

వ్యక్తిత్వాన్ని కొలిచే అలవాటు మన కోర్టుల్లోనూ ఉంది, కాకపోతే కొలత పడేది స్త్రీ మీద. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడిక చెడ్డదని చూపించి ఆమె మాటను కొట్టిపారేసే వీలు మన సాక్ష్య చట్టంలో 2002 సవరణ దాకా ఉంది. అతని విషయంలో ‘మంచి కుటుంబం వాడు’ అనే మాట ఇప్పటికీ వింటున్నాం. ‘మృగాడు’, ‘మంచి కుటుంబం వాడు’ రెండూ ఒక్క పనే చేస్తాయి. అతనేం చేశాడన్న ప్రశ్నను పక్కకు నెడతాయి.

దారుణం చేసినవాణ్ని అర్థం చేసుకోవద్దని నేననను. నవల ఆ పని చెయ్యాలి, మనమూ చెయ్యాలి, ఎంత కాలమైనా తీసుకోవచ్చు. తీర్పు మాత్రం అందాకా ఆగనక్కర్లేదు. అతను మనలాంటి మనిషే అని ఒప్పుకున్నాకే అతన్ని జవాబు అడిగే హక్కు మనకు గట్టిగా ఉంటుంది. మృగాన్ని ఎవరూ బోనెక్కించి ప్రశ్నించరు.