టమాటా ఇక్కడికొచ్చాకే కొయ్యి

ఒరే నాన్నా,

ఆదివారం స్నేహితుల్ని వెంటేసుకుని యారాడ బీచికి వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. శనివారం రాత్రే గాజువాక గదిలో టమాటా శాండ్‌విచ్‌లు చేసి డబ్బాలో సర్దుకుంటావట కదా. చెయ్యి, వద్దనను. కాని రాత్రి చెయ్యకు, పొద్దున్నా చెయ్యకు. బ్రెడ్డుకి వెన్న రాసి తెచ్చుకో, టమాటాలు మాత్రం కొయ్యకుండా తీసుకురా. ఇక్కడికొచ్చి కొబ్బరిచెట్ల కింద కూర్చుని అప్పటికప్పుడు కోసుకోండి.

ఎందుకంటావా? కోసి ఉప్పు తగిలించాక టమాటా ఊరుకోదు, లోపలి నీరంతా బయటికి వదిలేస్తుంది. ఆ నీరు బ్రెడ్డు పీల్చుకుంటుంది. గాజువాకలో బయల్దేరి, మల్కాపురం, సింధియా దాటి, కొండెక్కి దిగేసరికి బండి డిక్కీలో అది ఎంత ఉడుకుతుందో చూసుకో. డబ్బా మూత తీస్తే రొట్టె ఉండదు, ముద్ద ఉంటుంది. దాన్ని చూసి నీ స్నేహితులు బిర్యానీ పాయింటు ఎక్కడుందని వెతుక్కుంటారు.

ఇక టమాటాల సంగతి. దీన్ని వంట అనవచ్చో లేదో గాని, పొయ్యి వెలిగించే పని లేదు కదా, అందుకని భారమంతా టమాటా మీదే. కూరలో అయితే ఉల్లిపాయా, కారమూ, పోపూ కలిసి చప్పిడి టమాటాని కూడా ఎలాగో గట్టెక్కిస్తాయి. ఇందులో ఆ అండ లేదు. వేసవిలో మన బజార్లకి మదనపల్లె సరుకు దిగుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఎండాకాలంలోనూ అక్కడ కాపు నిలుస్తుంది. మన తీరంలో పగలు ఎండ, రాత్రి ఉక్క, రెండూ ముదిరితే పూత రాలిపోతుంది, కాయ కట్టదు. కాకపోతే రాష్ట్రం ఆ చివర నుంచి ఈ చివరకి లారీలో నలక్కుండా రావాలి గనక అక్కడ దోరగా ఉండగానే కోసేస్తారు. తోలు మందం, రసం తక్కువ. అలాంటివే దొరికితే శుక్రవారమే కొనుక్కుని, తొడిమ వైపు కిందికి పెట్టి, ఎండ తగలని చోట గిన్నెలో వదిలెయ్. పక్కన ఒక మగ్గిన అరటిపండు ఉంటే బేగి పండుతాయి.

రైతుబజారుకి పొద్దున్నే వెళ్ళగలిగితే మాత్రం నాటు టమాటా అడుగు. ఆనందపురం వైపు నుంచి తెచ్చి అమ్మే ఆడవాళ్ళ దగ్గర గంపల్లో కనిపిస్తాయి. గీతలు గీతలుగా, అష్టవంకర్లుగా ఉంటాయి గాని పులుపు వాటిదే, రసం వాటిదే. 1999లో రైతుబజార్లు పెట్టిన దగ్గర్నుంచీ నేను కూరలు అక్కడే కొంటున్నాను. 2023లో టమాటా కిలో వంద దాటినప్పుడు ప్రభుత్వం అక్కడే 50 రూపాయలకి అమ్మించింది, ఆ క్యూలో మీ మామ్మ నన్ను నిలబెట్టింది. అంత ధర ఉన్న నెలలో శాండ్‌విచ్ మాట తలపెట్టకు. చవగ్గా, పండుగా, దండిగా దొరికిన రోజున చేసుకోవలసిన తిండి ఇది.

కాయని చూసి మోసపోకు, తొడిమ దగ్గర ముక్కు పెట్టి వాసన చూడు. ఆకు నలిపితే వచ్చే వాసన వస్తే తీసుకో, ఏ వాసనా లేకపోతే పచ్చట్లోకి. తెచ్చినవి ఫ్రిజ్జులో పెట్టకు. ఇది ముసలాడి చాదస్తం కాదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2016లో తేల్చిన మాట: 5 డిగ్రీల చలిలో వారం ఉంచిన టమాటాలో సువాసనని పుట్టించే జన్యువుల పని మందగిస్తుందట, తర్వాత బయట పెట్టినా పోయిన వాసన పూర్తిగా తిరిగి రాదట.

బ్రెడ్డు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. మా రోజుల్లో బ్రెడ్డంటే జ్వరం వచ్చినవాడి పత్యం, పాలల్లో ముంచి తినిపించేవారు. ఆరోగ్యంగా ఉన్నవాడు బ్రెడ్డు కొంటే ఇంట్లో ఎవరికి బాగులేదని పక్కింటివాళ్ళు అడిగేవారు. సింధియా దగ్గర (1941లో షిప్‌యార్డుకి పునాది వేసిన వాల్‌చంద్ హీరాచంద్‌గారి ఓడల కంపెనీ పేరే ఆ జంక్షనుకి మిగిలింది) నేను వెల్డరుగా చేరాక, ఉదయం షిఫ్టులో టీతో బ్రెడ్డు తినడం అలవాటైంది. నువ్వు ఏ బేకరీలోనైనా ఆ రోజు కాల్చినదే కొను. తియ్యటి పాలబ్రెడ్డు వద్దు, టమాటా పులుపుతో దానికి పడదు. అంచులు కోసి పారెయ్యకు, రసం కారకుండా పట్టి ఉంచేవి అవే. మన ఉక్కలో బ్రెడ్డు రెండో రోజుకే బూజు పడుతుంది, ముందే కొని దాచకు.

వెన్న రెండు ముక్కలకీ చివరిదాకా రాయి. మధ్యలో ఒక ముద్ద పెట్టి ఊరుకుంటే లాభం లేదు. రుచి ఒక్కటే కాదు, రసం బ్రెడ్డులోకి ఇంకకుండా ఆపేది ఆ జిడ్డే. అక్కిరెడ్డిపాలెం విశాఖ డెయిరీ వెన్నయినా సరే, మీ మామ్మ చిలికినదైనా సరే. ఉప్పు వేసిన ప్యాకెట్టు వెన్నయితే తర్వాత ఉప్పు దగ్గర చెయ్యి వెనక్కి తియ్యి. దీనికి మన జిల్లా ముద్ర ఒకటి వెయ్యమంటాను. చెంచాడు ఆవపొడిలో నాలుగు చుక్కల నీళ్ళు చల్లి పది నిమిషాలు ఉంచి వెన్నలో కలుపు. ఆవపిండి పొడిగా ఉన్నంతసేపు నోరు మెదపదు, తడి తగిలాకే ఘాటు లేస్తుంది. పనసపొట్టు ఆవ పెట్టిన కూర తిని పెరిగినవాడివి, నీకు వేరే చెప్పాలా! రాసిన ముక్కల్ని జోడీలుగా వెన్న వైపు లోపలికి పెట్టి, తడి లేని గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టు.

మయొనైజు మాట తేకు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో టమాటా శాండ్‌విచ్ అంటే తెల్ల బ్రెడ్డు, మయొనైజు, ఉప్పు, మిరియాలు, ఇంతేనట. రసం చేతులమీదుగా కారుతుందని వంటింటి సింకు మీదకి వంగి తింటారని నార్త్ కరోలినాలో ఉన్న మీ పిన్ని చెప్పి నవ్వింది. వాళ్ళది వాళ్ళకి బాగుంటుంది, కాదనను. కాని పచ్చిగుడ్డుతో చేసిన మయొనైజు మే నెల ఎండలో గంటలు గంటలు డబ్బాలో పెట్టి తిరిగితే కడుపు చెడుతుంది. ఊరికే అన్నారా, తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. కెచప్ అసలే వద్దు, టమాటా మీద టమాటా దండగ.

కోసే పద్ధతి విను. మొద్దుకత్తి టమాటాని కొయ్యదు, నలిపేస్తుంది. కత్తిపీట మోసుకు రాలేవు కాబట్టి పళ్ళున్న చిన్న కత్తి తెచ్చుకో. అడ్డంగా, అర వేలు మందాన కొయ్యి. పల్చగా కోస్తే నాలిక్కి బ్రెడ్డే తప్ప టమాటా తెలియదు. గింజల చుట్టూ ఉన్న జిగురు తీసెయ్యమని వీడియోల్లో చెబుతారు, వినకు. నోరూరించే గ్లుటామేట్ కండలో కన్నా ఆ జిగురులోనే ఎక్కువ ఉంటుందని బ్రిటన్‌లో రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో కొలిచి మరీ చూపించారు. ముక్కల్ని పళ్ళెంలో పరిచి ఉప్పు చల్లు. శ్రీకాకుళం నౌపడ కల్లుప్పు దొరికితే నలుపుకుని కాయితంలో పొట్లం కట్టుకో. ఐదు నిమిషాలు ఆగు. పళ్ళెం కొంచెం వంచితే రసం ఒక పక్కకి చేరుతుంది. అది పారబొయ్యకు, కోసినవాడి వాటా. అప్పుడు ముక్కల్ని బ్రెడ్డు మీదకి ఎక్కించి, పాడేరు మిరియాలు మరీ మెత్తగా కాకుండా దంచి పైన జల్లు. ఏజెన్సీ కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన తీగల మిరియాలవి, వాసనే చెబుతుంది. మూసి, అరచేత్తో ఒక్కసారి మెల్లగా అదిమి తినెయ్. ఒకటి తిన్నాకే రెండోది కట్టుకో. అందరివీ ఒకేసారి చేసి వరసగా పేర్చకు.

గాలికి వీపు పెట్టి కూర్చోండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచిందంటే పళ్ళెంలో ఇసక పడుతుంది, ఉప్పనుకుని కరకరలాడించాలి.

ఇంకో మాట, ఇది శాండ్‌విచ్ మాట కాదు. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం చూసి ఇక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉంటాయనుకుంటారు. ఉండవు. యారాడ కెరటం లోపలికి లాగుతుంది, ఈత వచ్చినవాళ్ళనీ లాగేసింది. పాదాలు తడుపుకుని వెనక్కి రా. నీ స్నేహితులకి నువ్వే చెప్పు, నేను చెబితే ముసలాయన భయమనుకుంటారు.

మీలో ఒకడికి పచ్చి టమాటా పడదని మీ అమ్మ అంది. వాడిని బలవంతపెట్టకు. ఒక ఉల్లిపాయా, రెండు పచ్చిమిరపకాయలూ విడిగా తెచ్చుకో, ఆవ వెన్న రాసిన బ్రెడ్డులో అవి పెట్టుకుని తింటాడు. మిగిలిన టమాటాలు వెళ్ళేటప్పుడు మా ఇంట్లో ఇచ్చెయ్, మీ మామ్మ రోట్లో వేస్తుంది.